తిరుగుడు భూతాలు ఎందుకు?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ల మధ్య యాభై ఏళ్లుగా తెగని తగువు ఒకటుంది. నేలమాళిగలో ఒక్కో గదిలో ఒక్కో భూతం కాపురముండటం వరకు అందరికీ సమ్మతమే. పేచీ అంతా ఏ గదికీ చెందని భూతాల దగ్గరే. అవి నడవల్లో తిరుగుతుంటాయి. ఆట నడిపే మనిషి పాచిక వేస్తాడు, ఫలానా అంకె పడితే ఎదురొస్తాయి. అవి లేకపోతే ఆటలో భయమే ఉండదని ఒక పక్షం. కథతో సంబంధం లేని కొట్లాటలతో సాయంత్రమంతా తినేస్తాయని మరో పక్షం. ఇద్దరూ అనుభవంతోనే మాట్లాడుతున్నారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాకపోతే ఇద్దరూ ఒకే ఆట గురించి చెప్పడం లేదు. ఆట తన ఆటగాళ్లకు దేనికి ప్రతిఫలమిస్తోందో చూస్తే ఈ తగువు చాలావరకు తేలిపోతుందని నా వాదన.

ఈ ఆటలు ఎరగని పాఠకులకు నాలుగు మాటలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు డంజన్ మాస్టర్. నేలమాళిగ పటం, అందులోని ఉచ్చులు, నిధులు, భూతాలు ఆ ఒక్కరికే తెలుసు. మిగతావాళ్లు ఒక్కో వీరుడి పాత్ర తీసుకుని ‘తలుపు తోస్తాను’, ‘గోడ తడుముతాను’ అని నోటితో చెబుతారు. ఫలితం సందేహమైన చోట పాచిక తీర్పు చెబుతుంది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ చదివి పెరిగినవాళ్లకు ఈ లోకం కొత్తది కాదు. అడుగడుగునా గండం, గండం దాటితే నిధి. తేడా ఒక్కటే. తర్వాతి వారం ఏమవుతుందో ఇక్కడ రచయితకూ తెలియదు.

పుట్టుక

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన మొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడు చిన్న పుస్తకాలు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో, టీఎస్ఆర్ అనే బుల్లి సంస్థ వాటిని అచ్చేసింది. తిరుగుడు భూతాల నియమం మూడో పుస్తకంలోనే ఉంది. నేలమాళిగలో గడిచే కాలాన్ని పది నిమిషాల టర్నులుగా విడగొట్టారు. ప్రతి టర్ను చివరా ఆరు ముఖాల పాచిక వేయాలి, ఆరు పడితే ఏదో ఒకటి వచ్చినట్టు. ఏది వచ్చిందో చెప్పడానికి వేరే పట్టికలున్నాయి. ఎంత లోతుకు దిగితే అంత భయంకరమైనవి వస్తాయి. బయట అడవుల్లో, ఎడారుల్లో ప్రయాణించడానికి అవలాన్ హిల్ కంపెనీ 1972లో తెచ్చిన ‘ఔట్‌డోర్ సర్వైవల్’ అనే బోర్డు ఆట పటాన్ని వాడుకోమన్నారు. అక్కడ కూడా రోజు గడిచేకొద్దీ పాచిక పడుతూనే ఉంటుంది.

ఈ నియమం పుట్టడానికి కారణం మొదటితరం ఆటల తీరులోనే ఉంది. ఆర్నెసన్ బ్లాక్‌మూర్ కోట, గైగాక్స్ గ్రేహాక్ కోట రెండూ అంతస్తుల మీద అంతస్తులుగా పెరిగిన నేలమాళిగలు. ఒకే చోటికి అదే ఆటగాళ్లు మళ్లీ మళ్లీ దిగేవారు. ఒకసారి ఊడ్చేసిన గదులు ఖాళీగానే ఉండిపోతే రెండో రోజు నుంచి అక్కడ నడవడం ఊరేగింపే. ఖాళీ నడవను మళ్లీ ప్రమాదకరం చేసేది తిరుగుడు భూతమే. ఆ పని కోసమే పుట్టాయా అనిపించే జంతువులు కూడా ఉన్నాయి. జెలటినస్ క్యూబ్ అని గైగాక్స్ ఒకదాన్ని తెచ్చాడు. పదడుగుల వెడల్పు నడవకు అచ్చంగా సరిపోయే పారదర్శకమైన జిగురు దిమ్మ అది. దారిలో పడిందల్లా మింగుతూ నేలమాళిగను శుభ్రం చేస్తూ పోతుంది.

లెక్క

1981లో టామ్ మోల్డ్‌వే కూర్చిన బేసిక్ పుస్తకం ఈ నియమాన్ని కొంచెం సడలించింది. ప్రతి టర్నుకూ బదులు రెండు టర్నులకోసారి పాచిక, ఆరింట ఒక అవకాశం. అదే పుస్తకంలో కాగడా ఆరు టర్నులకు, అంటే గంటకు ఆరిపోతుంది. లాంతరులో ఒకసారి పోసిన నూనె నాలుగు గంటలొస్తుంది. రహస్య ద్వారం కోసం పదడుగుల మేర గోడ వెతకడానికి ఒక టర్ను పడుతుంది. మామూలు మనిషికి అది దొరికే అవకాశం ఆరింట ఒకటి.

ఛత్తీస్‌గఢ్‌లోని రాయపూర్‌లో మా బల్ల దగ్గర తరచూ వినిపించే సంభాషణ ఇది.

“ఇంకో పదడుగుల గోడ తడుముతా భయ్యా.”

“తడుము. పది నిమిషాలు.”

“పాచిక వేస్తావా?”

“ఇదిగో, వేస్తున్నా.”

అరవై అడుగుల గోడ మొత్తం వెతకాలంటే ఆరు టర్నులు కావాలి. 1981 నియమం ప్రకారం ఆ గంటలో మూడుసార్లు పాచిక పడుతుంది. కనీసం ఒక్క భూతమైనా ఎదురయ్యే అవకాశం నూటికి 42. 1974 నియమం ప్రకారమైతే ఆరుసార్లు, ఆ అవకాశం నూటికి 66 దాటుతుంది. రెండు గంటలు అక్కడే తచ్చాడితే 1974 లెక్కలో దాదాపు 89. ఈ అంకెలు ఆటగాడి మనసులో ఉంటే ‘ప్రతి గోడా తడుముదాం, ప్రతి రాయీ ఎత్తి చూద్దాం’ అనే మాట నోట రాదు. ఏ గోడ వెతకడం లాభమో ముందు ఆలోచిస్తాడు. పటం గీసుకుంటాడు, ఖాళీ ఎక్కడ మిగిలిందో చూస్తాడు, అక్కడే తడుముతాడు. తిరుగుడు భూతం అసలు పని ఇదే. ఎక్కిన ఆటోను సందు చివర ఆపి ముచ్చట్లు పెట్టుకుంటే పడే వెయిటింగ్ ఛార్జీ లాంటిది. ఆటోవాడి మీద కోపమొచ్చినా, ముచ్చట్లు మాత్రం త్వరగా ముగుస్తాయి.

ఇంకో లెక్క మాంత్రికులది. ఈ ఆటల్లో మంత్రం ఒకసారి వాడితే మనసులోంచి చెరిగిపోతుంది. రాత్రి విశ్రమించి మళ్లీ వల్లె వేస్తేనే తిరిగి వస్తుంది. భూతాలు గదుల్లోనే కూర్చుంటే ఆటగాళ్లు ఒక గది జయించి, మంత్రాలన్నీ ఖర్చుచేసి, తలుపు మూసుకుని నిద్రపోయి, పొద్దున లేచి రెండో గదికి పోవచ్చు. ఆ నిద్రను ఖరీదైనదిగా చేసేది రాత్రిపూట పడే పాచికే. దీన్ని తీసేసిన బల్లల్లో ‘ఐదు నిమిషాల పనిదినం’ అనే జబ్బు పుట్టింది. ఐదు నిమిషాలు యుద్ధం, ఇరవై నాలుగు గంటలు నిద్ర.

అభ్యంతరాలు

ఇంత లెక్క ఉన్నా ఎదుటి పక్షం వాదన తేలికైంది కాదు. అందులో మూడు అభ్యంతరాలున్నాయి.

మొదటిది అసంబద్ధత. 1983లో ‘రావెన్‌లాఫ్ట్’ అనే సాహసం రాసిన ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతుల కథ దీనికి మంచి ఉదాహరణ. ఏ ఊరూ పేరూ లేని ఒక రక్తపిశాచి మామూలు నేలమాళిగలో ఉన్నపళాన ఎదురవడం ట్రేసీకి వింతగా తోచింది. ఇలాంటి జీవి ఇక్కడ ఏం చేస్తోందన్న ప్రశ్న నుంచే తనకంటూ కోట, గతం, దుఃఖం ఉన్న స్ట్రాడ్ అనే రక్తపిశాచి పాత్ర పుట్టింది. పాచిక తెచ్చిపడేసిన జీవికి ముందూ వెనకా ఉండదు. మరుసటి ఏడాది 1984లో మొదలైన ‘డ్రాగన్‌లాన్స్’ సాహసాలు కథనే ముందు నిలబెట్టాయి. ఆటలో కథ పెద్దదైనకొద్దీ, కథకు అడ్డుపడేదల్లా అనవసరంగా కనబడటం సహజం.

రెండోది అన్యాయం. ఆటగాళ్లు జాగ్రత్తగా, చప్పుడు లేకుండా, నేరుగా గమ్యం వైపు పోతున్నారు. వరసగా మూడుసార్లు ఆరు పడింది. గమ్యం చేరకముందే సగంమంది నేల మీద ఉన్నారు. తెలివిగా ఆడినందుకు శిక్షా ఇది? ఈ బాధ గైగాక్స్‌కు కూడా తెలుసు. 1979 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఆయన ఈ సందర్భాన్నే ఎత్తుకుని, అలాంటివాళ్ల మీద తిరుగుడు భూతాలను రుద్దవద్దని, వాళ్లను చేరనివ్వమని, చేరాక అక్కడ చాలినంత గండం ఉండనే ఉంటుందని సలహా ఇచ్చాడు. అదే పుస్తకంలో కాలం లెక్క తప్పకుండా రాయమని గట్టిగా పట్టుబట్టిన మనిషే ఈ సడలింపు కూడా ఇచ్చాడన్నది మరిచిపోకూడదు. తిరుగుడు భూతం జాప్యానికి, చప్పుడుకు, అజాగ్రత్తకు చెల్లించే మూల్యం. అవేవీ లేనప్పుడు వసూలు చేసేది మూల్యం కాదు, దండుగ.

మూడోది విసుగు. ఇది అన్నిటికంటే బలమైనది, ఎందుకంటే ఇది బల్ల దగ్గర కూర్చున్న అసలు మనుషుల సమయం. ఉద్యోగాలున్నవాళ్లు నాలుగు గంటలు దొరకబుచ్చుకుని ఆడతారు. అందులో గంట గాబ్లిన్లనే ఆరు చిల్లర భూతాలను కొట్టడానికే పోతే, అది ఆటలోని కాలానికి కాక మన ఆదివారానికి పడ్డ కోత.

ప్రతిఫలం మారితే

ఈ మూడు అభ్యంతరాలూ పాత పుస్తకాల కంటే కొత్త పుస్తకాల దగ్గరే ఎందుకు గట్టిగా వినిపిస్తాయి? అసలు కీలకం ఇక్కడుంది.

పాత ఆటలో వీరుడు ఎదగడానికి కావలసిన అనుభవ పాయింట్లలో పెద్ద భాగం నేలమాళిగ నుంచి బయటికి మోసుకొచ్చిన బంగారం వల్ల వచ్చేది. ఒక బంగారు నాణెం అంటే ఒక పాయింటు. భూతాన్ని చంపితే వచ్చేది పిసరంత. 1981 పుస్తకంలో యోధుడు రెండో స్థాయికి పోవాలంటే 2,000 పాయింట్లు కావాలి. ఓర్క్ అనే భూతాన్ని చంపితే దక్కేది 10, అదీ జట్టంతా పంచుకోవాలి. పైగా పెద్ద నిధి ఎప్పుడూ భూతం కాపురముండే చోటే ఉంటుంది, తిరుగుతూ ఎదురైనదాని దగ్గర ఉండేది చిల్లరే. కాబట్టి తిరుగుడు భూతంతో యుద్ధమంటే దాదాపు శుద్ధ నష్టం. దెబ్బలు తింటారు, మంత్రాలు ఖర్చవుతాయి, చేతికేమీ రాదు. అందుకే పాత ఆటగాళ్లు దాన్ని చూస్తే దాక్కునేవాళ్లు, పారిపోయేవాళ్లు, తిండి విసిరి తప్పించుకునేవాళ్లు.

2000లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ తెచ్చిన మూడో కూర్పు నాటికి లెక్క పూర్తిగా తిరగబడింది. పాయింట్లు వచ్చేది ప్రధానంగా భూతాలను, గండాలను జయించడం వల్లే. సమ ఉజ్జీలతో సుమారు పదమూడు పోరాటాలు గెలిస్తే ఒక స్థాయి పెరిగేలా లెక్క కట్టారు. నష్టంగా ఉండాల్సిన తిరుగుడు భూతం ఒక్కసారిగా గుమ్మంలోకి నడిచొచ్చిన లాభమైపోయింది. పారిపోవడానికి కారణం లేదు, జాప్యానికి మూల్యం లేదు. 2008 నాలుగో కూర్పులో ప్రతి పోరాటం ముందే తూచిన నాటకీయ ఘట్టం. నేల, మెట్లు, గుంటలు, శత్రువులు అన్నీ గళ్ల పటం మీద అమర్చి గంటసేపు ఆడేది. అంత పెద్ద యంత్రాన్ని పాచిక పడ్డప్పుడల్లా బయటికి తీయడం ఎవరివల్లా కాదు.

2014 ఐదో కూర్పు నియమాన్ని తిరిగి తెచ్చింది. ఇరవై ముఖాల పాచిక వేసి పద్దెనిమిది, ఆపైన పడితే ఎదురుపాటు. 2017లో వచ్చిన ‘జనథార్స్ గైడ్ టు ఎవ్రీథింగ్’లో స్థలాన్నిబట్టి పుటలకొద్దీ పట్టికలిచ్చారు. అయినా చాలా బల్లల్లో పాయింట్లు యుద్ధం వల్లే వస్తాయి, లేదా ‘కథ ఇక్కడిదాకా వచ్చింది కాబట్టి స్థాయి పెరిగింది’ అని మాస్టర్ ప్రకటిస్తాడు. రెండింటిలోనూ కాలానికి ధర లేదు. పుస్తకంలో పట్టిక ఉన్నా, అది పని చేయడానికి కావలసిన ఇరుసు ఊడిపోయింది.

కంప్యూటర్ ఆటల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1980 నాటి ‘రోగ్’లో ఆకలి ఉంది, తిండి పరిమితం, ఆగితే భూతాలు వెతుక్కుంటూ వస్తాయి. కాబట్టి తిరుగుడు భూతానికి అర్థముంది. 1986లో జపాన్ నుంచి వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’లో నాలుగడుగులు వేయగానే తెర మారి యుద్ధం మొదలవుతుంది. ప్రతి యుద్ధానికీ పాయింట్లూ బంగారమూ దక్కుతాయి. అందుకని పిల్లలు కావాలనే గంటలకొద్దీ అటూ ఇటూ నడిచేవారు. పేరు ఒకటే, పని పూర్తిగా వ్యతిరేకం. ఈ రెండో రకంతో విసిగినవాళ్లు బల్ల ఆటలోని మొదటి రకాన్ని కూడా అదే చూపుతో చూశారు.

ఎదురుపడితే యుద్ధమేనా?

పాత నియమంలో జనం మరిచిపోయిన ముక్క ఇంకొకటుంది. భూతం ఎదురవగానే మాస్టర్ రెండు పాచికలు కలిపి వేసి దాని స్పందన చూడాలి. 1981 పట్టికలో రెండు పడితేనే వెంటనే దాడి. మూడు నుంచి ఐదు వరకు శత్రుభావం, దాడి చేసినా చేయవచ్చు. ఆరు నుంచి ఎనిమిది వరకు అయోమయం. తొమ్మిది నుంచి పదకొండు వరకు దాడి చేయదు, వెళ్లిపోతుంది లేదా బేరానికి చెవినిస్తుంది. పన్నెండైతే స్నేహమే. రెండు పాచికల మీద రెండు పడే అవకాశం ముప్పై ఆరింట ఒక్కటి. అయోమయం పడే అవకాశం పదహారు. అంటే నియమం చెప్పేది ఏమిటంటే, ఎదురుపడ్డ నూరు భూతాల్లో మూడు మాత్రమే చూడగానే మీద పడతాయి. దీనికి తోడు దూరం చూసే పాచిక, ఎవరు ఎవర్ని ముందు చూశారో చెప్పే పాచిక, దెబ్బ తిన్నాక నిలబడుతుందా పారిపోతుందా అని చూసే ధైర్య పరీక్ష ఉన్నాయి.

విసుగు అనే మూడో అభ్యంతరంలో సగం ఈ ముక్కను వదిలేయడం వల్ల పుట్టిందే. స్పందన పాచిక తీసేస్తే ప్రతి ఎదురుపాటూ కత్తులు దూయడంతోనే మొదలవుతుంది. ఉంచితే చాలాసార్లు మాటలతో మొదలవుతుంది. గాబ్లిన్ల గుంపు ‘ఇటువైపు పోకండి, అక్కడున్నదానికి మేమే భయపడుతున్నాం’ అని చెప్పవచ్చు. ఆ ఒక్క మాటతో ఆటగాళ్లకు పటంలో ఒక మూల తెలుస్తుంది. ‘పాతాళ భైరవి’ సినిమాలో తోటరాముడు బలికి ముందు స్నానానికి దిగితే మొసలి మీద పడుతుంది. దాన్ని చంపగానే శాపం తీరి దేవకన్యగా మారి, మాంత్రికుడి కుట్ర బయటపెడుతుంది. ఆ మొసలి లేకపోతే కథ అక్కడే ముగిసేది. మంచి తిరుగుడు భూతం చేసే పని అదే. మూల్యం వసూలు చేస్తూనే ఒక కబురు చేతిలో పెట్టిపోతుంది.

పట్టిక ఎలా రాయాలి

పాచికల ఎంపిక మొదటి ప్రశ్న. ఒకే పాచికతో వేస్తే పట్టికలోని ప్రతి వరసా సమానంగా వస్తుంది. 1989 రెండో కూర్పు ఎనిమిది ముఖాల పాచిక, పన్నెండు ముఖాల పాచిక కలిపి వేయమంది. రెండు నుంచి ఇరవై దాకా అంకెలొస్తాయి. నడుమన తొమ్మిది నుంచి పదమూడు దాకా మామూలు జీవులు తరచుగా, చివరల్లో అరుదైనవి అరుదుగా వస్తాయి. ఒకే చోట ఎక్కువకాలం ఆడేవాళ్లకు ఇది మేలు. పదిసార్లు అదే జాతి ఎదురైతే ‘ఇది వాళ్ల ఇలాకా’ అని ఆటగాడికి తనంతట తెలుస్తుంది. ఒక్క పూటతో ముగిసే నేలమాళిగకు ఆరు వరసల సాదా పట్టిక చాలు.

రెండో ప్రశ్న వచ్చేవాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నారన్నది. ‘2–8 ఓర్క్‌లు’ అని రాస్తే హిక్‌మన్ అభ్యంతరం నిలబడుతుంది. ‘పన్నెండో గదిలోని ఇరవై మందిలో నలుగురు, వంటకు నీళ్లు తేవడానికి’ అని రాస్తే నిలబడదు. ఆ నలుగురూ చనిపోతే పన్నెండో గదిలో పదహారు మందే మిగులుతారు, వాళ్లు వెతకడం మొదలుపెడతారు. పాచిక ఎప్పుడన్నది మాత్రమే నిర్ణయిస్తుంది. ఎవరు, ఎందుకు అన్నవి మాస్టర్ ముందే నిర్ణయించుకున్నవి.

మూడోది ఆనవాళ్లు. భూతం నేరుగా ఊడిపడకుండా ముందు దాని జాడ కనబడాలి. వాసన, గీరిన గోడ, సగం తిన్న కళేబరం. జాడ చూసి దారి మార్చుకున్న ఆటగాడు అన్యాయం జరిగిందని ఎప్పుడూ అనడు. కొత్తతరం మాస్టర్లలో చాలామంది ఒకే ఆరు ముఖాల పాచికకు అన్ని పనులూ అప్పగిస్తున్నారు. ఒకటి పడితే ఎదురుపాటు, రెండు పడితే జాడ, మూడు పడితే దివిటీ సన్నగిల్లుతుంది, నాలుగు పడితే అలసట, ఇలా. దీనివల్ల పాచిక వేసిన ప్రతిసారీ ఏదో ఒకటి జరుగుతుంది. నష్టం కూడా ఉంది. దివిటీ గంటకే ఆరుతుందన్న నిశ్చయం పోతుంది, దాంతో ఆటగాడి ముందస్తు లెక్కా పోతుంది. లెక్క ఇష్టమైన బల్లకు ఇది నచ్చదు.

వేరే దారులు

కాలానికి ధర కట్టడానికి తిరుగుడు భూతం ఒక్కటే మార్గం కాదు. 2013 నాటి ‘టార్చ్‌బేరర్’లో థోర్ ఓలావ్‌స్రూడ్, లూక్ క్రేన్ టర్నులు గడిచేకొద్దీ ఆకలి, అలసట, కోపం, రోగం ఒక్కొక్కటిగా పాత్రల మీద పడేలా చేశారు. భూతం రాకపోయినా కాలం కొరుకుతుంది. 2017 నాటి జాన్ హార్పర్ ఆట ‘బ్లేడ్స్ ఇన్ ది డార్క్’లో గడియారం బొమ్మ గీసి, తప్పు జరిగినప్పుడల్లా ఒక్కో ముక్క నింపుతారు. నిండగానే కాపలావాళ్లు వస్తారు. అదృష్టం తక్కువ, ఒత్తిడి ఎక్కువ, అందరి కళ్ల ముందూ జరుగుతుంది. 2023లో కెల్సీ డియోన్ ‘షాడోడార్క్’ ఇంకో అడుగు వేసింది. కాగడా మన గోడ గడియారం ప్రకారమే గంట వెలుగుతుంది. తిరుగుడు భూతాల పాచిక కూడా ఉంది. చోటు ఎంత ప్రమాదకరమో దాన్నిబట్టి మూడు రౌండ్లకో, రెండు రౌండ్లకో, ప్రతి రౌండుకో పడుతుంది.

వీటిలో ఏది మేలు? గడియారం న్యాయమైనది, కానీ ఆశ్చర్యం లేనిది. ఎన్ని ముక్కలు మిగిలాయో మాస్టర్‌కు కూడా తెలుసు. ఆకలి కచ్చితమైనది, కానీ మాట్లాడదు, బేరమాడదు, కబురు తేదు. తిరుగుడు భూతానికి ఉన్న అదనపు బలం అది ప్రాణి కావడమే. దానితో వ్యవహరించవచ్చు. అందుకే నేను మూడింటిలో దాన్నే మొదట ఎంచుకుంటాను.

మన నేల మీద

రాయపూర్ నుంచి దక్షిణంగా మూడొందల కిలోమీటర్ల దూరాన జగదల్‌పుర్, దాని దగ్గర కాంగేర్ లోయ జాతీయ ఉద్యానం, అందులో కుటుంసర్ గుహ. 1950ల్లో భూగోళవేత్త శంకర్ తివారీ స్థానికులతో కలిసి లోపలికి వెళ్లి పరిశోధించాడు. సున్నపురాయిలో నీళ్లు తొలిచిన ఈ గుహలో కళ్లు క్షీణించిన చిన్న చేపలున్నాయి. ఆయన పేరు మీదే కెంపియోలా శంకరీ అని పిలిచే కీచురాయి ఉంది. గబ్బిలాలున్నాయి. వెలుతురు లేని చోట మొక్క మొలవదు కాబట్టి ఈ ప్రాణులన్నిటికీ తిండి బయటినుంచే రావాలి. కొంత గబ్బిలాల పెంట రూపంలో, కొంత వానాకాలపు వరద మోసుకొచ్చే చెత్త రూపంలో. వానలు మొదలైతే గుహను మూసేస్తారు.

నేలమాళిగ రాసేవాడికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. ఎవరు తిరుగుతారన్నది తిండి ఎటునుంచి వస్తుందన్నదాన్నిబట్టి ఉంటుంది. మా ఆటకు ఈ నమూనా మీద నేను రాసుకున్న పట్టికలో ఆరే వరసలు. ఒకటి, సాయంత్రం బయటికి పోయే గబ్బిలాల మంద, వాటి రెక్కల గాలికి దివిటీలు ఆరిపోతాయి. రెండు, చప్పుడు మాత్రమే, బరువైనదేదో నీళ్లలోకి దిగింది. మూడు, తప్పిపోయిన మేకను వెతుకుతూ వచ్చిన పక్క ఊరి ఇద్దరు, లోపలి దారులు వాళ్లకే తెలుసు. నాలుగు, పడవంత గుడ్డి చేప, దానికి వెలుతురు తెలియదు, కదలిక తెలుసు. ఐదు, మనకంటే ముందొచ్చి నూనె అయిపోయి చీకట్లో కూర్చున్న మరో ముఠా. ఆరు, అడుగు అంతస్తు రాక్షసుడి కాపలావాళ్లు నలుగురు. ఈ ఆరింటిలో సూటిగా యుద్ధం కోరేది చివరిదొక్కటే. వానలొస్తే గుహ మూతపడుతుంది కాబట్టి, తొలకరికి ఇంకా ఎన్ని రోజులున్నాయో బల్ల మీద రాసి ఉంచుతాను.

మూడో వరసలోని ఊరివాళ్లను పట్టికలో ఎలా రాస్తామన్నది చిన్న విషయం కాదు. పాత ఫాంటసీ ఆటల్లో ఓర్క్‌లు, ‘అడవి జాతులు’ పుట్టుకతోనే దుష్టులు, చంపడానికే ఉన్నవాళ్లు. 2020 జూన్‌లో విజర్డ్స్ సంస్థ తానే ఈ చిత్రణ మారాలని ప్రకటించింది. మన జానపద సినిమాల్లో ‘అడవి మనుషుల’ చిత్రణ అంతకంటే గొప్పదేమీ కాదు. గోండులు, హల్బాలు, మురియాలు ఇరుగుపొరుగున ఉన్న రాష్ట్రంలో కూర్చుని పట్టికలో ‘అడవి జాతి, 2–12 మంది, దాడి’ అని రాయడం బద్ధకం, అవమానం కూడా. మనిషి వరసలో వస్తే అతనికి పేరు, పని, ఇంటికి పోయే దారి ఉండాలి. మన రాక్షసుడికి కూడా ఇలాంటి గతే పట్టింది. 1975 డిసెంబరులో ఈ ఆటలోకి వచ్చిన ‘రాక్షస’ను గైగాక్స్ ఒక అమెరికన్ టీవీ భయానక ధారావాహిక చూసి తీసుకున్నాడు. పులి తల, సిల్కు కోటుతో స్థిరపడ్డ ఆ జీవి తెలుగు పిల్లలకు తెలిసిన ఏ రాక్షసుడికీ బంధువు కాదు.

ఆనవాళ్ల విషయంలో ఈ రాష్ట్రపు పల్లెలకు తెలిసినంత ఏ ఆట పుస్తకానికీ తెలియదు. ఝార్ఖండ్, ఒడిశాల నుంచి వచ్చే ఏనుగులు ఉత్తరాన సర్గుజా మొదలు రాయపూర్‌కు దగ్గరలోని మహాసముంద్ జిల్లా దాకా తిరుగుతున్నాయి. పార్వతీపురం మన్యం రైతులకు కూడా ఈ బాధ తెలుసు. అక్కడ ఇది ఆట కాదు, ప్రాణాలు పోతున్నాయి, మనుషులవీ ఏనుగులవీ. అయినా ఆ ఊళ్లలో ఏనుగును ఎవరూ ఆకస్మికం అనరు. వరి పాలు పోసుకున్నప్పుడు వస్తుందని, ఇప్పపూల వాసనకు వస్తుందని, చెరువు ఎండితే దారి మారుస్తుందని తెలుసు. విరిగిన వెదురు, తాజా పేడ చూసి ఎంత దూరంలో ఉందో చెబుతారు. ఉదంతీ–సీతానదీ పులుల అభయారణ్యం అధికారులు 2023 నుంచి ఏనుగులు దగ్గరికొస్తే గ్రామస్తుల ఫోన్లకు హెచ్చరిక పంపుతున్నారు. రాక ఎప్పుడన్నది అనిశ్చితం, కారణం మాత్రం నిశ్చితం. తిరుగుడు భూతాల పట్టిక సాధించవలసిన స్థితి సరిగ్గా ఇదే.

తీర్పు

ఇన్ని కూర్పులు, ఇన్ని వాదనలు చూశాక మాస్టర్ తనను తాను అడగవలసినవి మూడు ప్రశ్నలే మిగులుతాయి. నా ఆటలో ఆటగాళ్లు ఎదిగేది దేనివల్ల? నిధి వల్ల, కనుగొనడం వల్ల, గడువులోగా బయటపడటం వల్ల అయితే తిరుగుడు భూతం ఉండాలి. చంపడం వల్ల అయితే అది మూల్యం కాదు, బహుమతి అవుతుంది. పాచిక ఎప్పుడు పడుతుందో ఆటగాళ్లకు ముందే తెలుసా? తెలియని ధర మనిషి నడవడికను మార్చదు, కోపమే తెప్పిస్తుంది. అందుకే పాచికను తెర చాటున కాక బల్ల మధ్యలో వేయాలి. వచ్చినదానికి యుద్ధం కాక ఇంకేదైనా చేసే వీలుందా? స్పందన పాచిక, ధైర్య పరీక్ష, ఒక ఊరూ ఒక పనీ ఉంటే ఉన్నట్టే.

మూడింటికీ అనుకూలమైన జవాబు వస్తే పాచిక మొహమాటం లేకుండా వేయండి, ఎవరు చచ్చినా సరే. ఒక్కదానికి ప్రతికూలంగా వచ్చినా ముందు ఆ లోపం సరిదిద్దండి, పట్టిక తర్వాత చూసుకోవచ్చు. సరిదిద్దే ఓపిక లేకపోతే తిరుగుడు భూతాలను తీసేయడమే మర్యాద. మిగిలిన గంటను కథకు ఇస్తే ఆటగాళ్లెవరూ ఫిర్యాదు చేయరు. అన్నిటికంటే చెడ్డది మధ్యేమార్గం. చంపినందుకే పాయింట్లిస్తూ, స్పందన పాచిక వదిలేసి, ‘పుస్తకంలో ఉంది కదా’ అని పట్టిక తిప్పడం. తిరుగుడు భూతాలకు యాభై ఏళ్లలో వచ్చిన చెడ్డపేరంతా దాదాపు అక్కడి నుంచి వచ్చిందే.